30 మిషన్ల యూనిట్‌తో నేరుగా విదేశీ ఆర్డర్: రేటు తగ్గించాలా?

నూలుపోగు:

అందరికీ నమస్కారం. ఎనిమిదేళ్లుగా కుట్టు యూనిట్ నడుపుతున్నాను. మొత్తం 30 మిషన్లు. ఇన్నాళ్లూ పెద్ద ఎక్స్‌పోర్టర్ల దగ్గర జాబ్ వర్క్ తెచ్చుకుని కుట్టి ఇవ్వడమే మా పని. కట్ చేసిన బండిళ్లు వాళ్లు పంపుతారు. మేం కుట్టి, దారాలు కత్తిరించి, చెకింగ్ చేసి తిరిగి పంపుతాం. మా చేతుల మీదుగా వెళ్లిన పీసు ఏ దేశానికి పోతుందో లేబుల్ చూసి తెలుసుకోవడమే. కొనేవాళ్లతో ఇంతవరకు ఒక్క మాట మాట్లాడింది లేదు.

ఇప్పుడు మొదటిసారి ఒక బయ్యర్ నేరుగా మాకే రాశారు. యూరప్‌లో పిల్లల బట్టలు అమ్మే చిన్న బ్రాండ్. హుడ్ ఉన్న టీషర్ట్, 4 నుంచి 6 ఏళ్ల పిల్లలకి. రెండు రంగులు, మొత్తం 3,000 పీసులు. బాడీ 180 జీఎస్ఎం (చదరపు మీటరుకి 180 గ్రాములు తూగే) సింగిల్ జెర్సీ అనే పల్చని అల్లిక బట్ట, చేతుల చివర, అడుగున అదే రంగు రిబ్, అంటే సాగే అల్లిక పట్టీ. పేమెంట్ ఎల్‌సీ మీద, అంటే కాగితాలు సరిగ్గా పెడితే డబ్బు ఇస్తానని బయ్యర్ బ్యాంకు రాసిచ్చే లెటర్ ఆఫ్ క్రెడిట్ మీద.

నేను రేటు పంపాను. మూడో రోజు జవాబు వచ్చింది: "మరో ఫ్యాక్టరీ మీకంటే 12 శాతం తక్కువకి ఇస్తోంది, మీరేమంటారు?" ఆ ఫ్యాక్టరీలో వెయ్యి మిషన్లు ఉన్నాయట. రెండు రోజుల నుంచి అన్నం సరిగ్గా దిగడం లేదు. తగ్గిస్తే నాకేం మిగులుతుందో తెలియదు. తగ్గించకపోతే ఎనిమిదేళ్లకి వచ్చిన ఒక్క అవకాశం పోతుంది.

ఇంకో భయం కూడా ఉంది. పోయినేడాది ఒక ఏజెంట్ ఎక్స్‌పోర్ట్ ఆర్డర్ ఇప్పిస్తానని ఐదుసార్లు శాంపిల్ చేయించుకున్నాడు. బట్ట మాది, దారం మాది, మా మంచి టైలర్‌ని వారం రోజులు దానిమీదే కూర్చోబెట్టాను. ఆరోసారి ఫోన్ ఎత్తలేదు. మా పీసు పక్కన పెట్టుకుని అదే డిజైన్ వేరే యూనిట్‌లో కుడుతున్నారని తర్వాత తెలిసింది.

ఈ దారి నడిచినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి. వెయ్యి మిషన్ల వాళ్ల ముందు మాలాంటి వాళ్లం నిలబడగలమా? రేటు తగ్గించాలా?

కటింగ్ టేబుల్:

అమ్మా, తగ్గించాలా వద్దా అనేది తర్వాత చూద్దాం. ముందు ఒకటి చెప్పండి, ఆ రేటు ఎలా కట్టారు? నా అంచనా, జాబ్ వర్క్‌లో వచ్చే పీస్ రేటు తీసుకుని, దానికి బట్ట, రిబ్, దారం, లేబుల్, కార్టన్ కలిపి, పైన లాభం వేసుకుని పంపి ఉంటారు. జాబ్ వర్క్ నుంచి వచ్చినవాళ్లం అందరం అలాగే మొదలుపెట్టాం. నేనూ అంతే. ఆ లెక్కలో మీ ఫ్యాక్టరీ ఖర్చు ఎక్కడా లేదు. ఎవరో మీకిచ్చే రేటు ఉంది, అంతే.

మీ దగ్గర ఉన్న అసలు సరుకు నిమిషాలు. మిషన్ మీద 30 మంది కూర్చుంటే, రోజుకి 480 నిమిషాల చొప్పున 14,400 నిమిషాలు. మీరు జీతం ఇచ్చేది వాటికి. ఇప్పుడు ఒక టీషర్ట్ కుట్టడానికి, అన్ని ఆపరేషన్లూ కలిపి 8 నిమిషాలు పడుతుందనుకోండి. సాయంత్రానికి 800 పీసులు దిగితే తయారైంది 6,400 నిమిషాలు. అంటే 44 శాతం. మిగతా సగానికి పైగా ఎక్కడికి పోయింది? అది తెలియకుండా 12 శాతం తగ్గించడమూ తప్పే, తగ్గించనని భీష్మించుకోవడమూ తప్పే.

రేపు పొద్దున ఒక స్టాప్‌వాచ్, ఒక నోట్ పుస్తకం పట్టుకోండి. ఆ హుడ్ టీషర్ట్‌ని ముక్కలుగా రాయండి: భుజం కలపడం, హుడ్ రెండు ముక్కలు కలపడం, హుడ్ అంచు మడత, హుడ్ అతకడం, చేతులు, పక్క కుట్టు, రిబ్‌లు, లేబుల్. ఒక్కో పనికి పది పీసులు చూసి సగటు తీయండి. అలుపుకి, దారం మార్చడానికి, నీళ్లు తాగడానికి 15 శాతం కలపండి. అంతా కూడితే వచ్చేది మీ పీసు నిమిషాలు. తర్వాత నెల ఖర్చు మొత్తం, అంటే జీతాలు, అద్దె, కరెంటు, వడ్డీ, రిపేర్లు, అన్నీ వేసి, ఆ నెలలో నిజంగా తయారైన నిమిషాలతో భాగించండి. ఒక్క నిమిషం మీకు ఎంత పడుతుందో తేలుతుంది. ఆ అంకె చేతిలో ఉంటే ఏ బయ్యర్ ఏ రేటు అడిగినా ఐదు నిమిషాల్లో జవాబు చెప్పొచ్చు, గుండె దడ లేకుండా.

నిమిషాలు ఎక్కడ పోతాయో ఒక్కటి చెబుతాను. మా యూనిట్‌లో కాలర్ అతికే అమ్మాయి చాలా చురుకైనది. అయినా ఆమె దగ్గరే బండిళ్లు పేరుకుపోయేవి. స్టాప్‌వాచ్ పెట్టుకుని పక్కన నిలబడితే తెలిసింది. ప్రతి పీసుకీ ఎడమ పక్కకి వంగి, కింద బుట్టలోంచి బాడీ తీసి, తిరగేసి, భుజం కుట్టు వెతుక్కుని, అప్పుడు కాలర్ పెడుతోంది. వడ్రంగిని పిలిచి ఆమె ఎడమ మోచేతి ఎత్తులో ఏటవాలు బల్ల వేయించాను. ముందున్న టైలర్‌కి భుజం కుట్టు పైకి వచ్చేలా పేర్చి పెట్టమని చెప్పాను. పీసుకి 11 సెకన్లు తగ్గింది. ఆమె నడుం నొప్పి కూడా తగ్గిందని నెల తర్వాత చెప్పింది. కొత్త మిషన్ కొనలేదు, కొత్త మనిషిని పెట్టలేదు.

బట్ట సంగతి ఇంతకంటే పెద్దది. నిట్ (అల్లిక బట్ట) పీసులో రేటులో సగానికి పైగా బట్టే. 60 శాతం అనుకుందాం. మార్కర్, అంటే కత్తిరించాల్సిన ముక్కలన్నీ బట్ట మీద సర్దే గీత, వేసేటప్పుడు సైజులు కలిపి వేసి, రోల్ వెడల్పుకి సరిపడా సర్ది 3 శాతం బట్ట మిగిలిస్తే, మొత్తం రేటులో దాదాపు 2 శాతం మిగిలినట్టే. మీరు ఇన్నాళ్లూ కట్ చేసి వచ్చిన బండిళ్లే కుట్టారు. కటింగ్ మీకు కొత్త. మంచి కటింగ్ మాస్టర్‌ని చూసుకోండి, ఆ జీతం దగ్గర వెనకాడకండి.

ఇక వెయ్యి మిషన్ల ఫ్యాక్టరీ సంగతి. 3,000 పీసులు వాళ్లకి ఒక మూల లైన్‌లో వేసే చిల్లర పని. పెద్ద బ్రాండ్ ఆర్డర్ వచ్చిందంటే మీ బయ్యర్ పీసులు పక్కకి జరుగుతాయి. ఆ తక్కువ రేటు ఏ క్వాంటిటీకి, ఏ తేదీకి ఇచ్చారో మర్యాదగా అడగండి. చాలాసార్లు క్వాంటిటీయో, తేదీయో వేరే ఉంటుంది.

మీరు ఇవ్వగలిగి వాళ్లు ఇవ్వలేనిది ఒకటుంది. చిన్న బ్రాండ్‌కి అసలు భయం రేటు కాదు, సీజన్ చివర మిగిలిపోయే స్టాక్. రెండు రంగుల్లో ఏది అమ్ముడుపోతుందో వాళ్లకీ తెలియదు. 3,000 ఒకేసారి పంపే బదులు, మొదట 1,800 పంపుతామని, మిగతా 1,200కి బట్ట రంగు వేయకుండా ఉంచి, ఏ రంగు కదిలితే ఆ రంగు వేసి పంపుతామని చెప్పండి. డైయింగ్ యూనిట్‌లో కనీస లాట్ ఎంతో ముందే కనుక్కుని మాట ఇవ్వండి. ఒక్క రంగు స్టాక్ మిగలకపోతే బయ్యర్‌కి ఆదా అయ్యేది ఆ 12 శాతం కంటే ఎక్కువే ఉండొచ్చు. ఆ లెక్క మీరే వేసి మెయిల్‌లో చూపించండి.

ఇదంతా ఎందుకు గట్టిగా చెబుతున్నానంటే, నేను మొదలుపెట్టిన రోజుల్లో కోటాలు ఉండేవి. 1974 నుంచి మల్టీ ఫైబర్ ఒప్పందం కింద ఏ దేశం నుంచి ఎంత సరుకు రావాలో ధనిక దేశాలు పరిమితి పెట్టేవి. 2005 జనవరి 1 నాటికి ఆ కోటాలు పూర్తిగా పోయాయి. తలుపులు తెరుచుకున్నాయని మేమంతా సంతోషించాం. తలుపులు అందరికీ తెరుచుకున్నాయి. ఒక్క రేటు మీదే పోటీకి దిగిన చిన్న యూనిట్లు రెండేళ్లలో మిషన్లు అమ్ముకోవడం దగ్గరుండి చూశాను. మంచి టైలర్లు ఉన్న యూనిట్లు అవి. మీరు ఆ దారిన పోకూడదు.

రెండో షిఫ్ట్:

మేడమ్, నేను వేరే మాట చెబుతాను, నిరుత్సాహపరచాలని కాదు. నేను ఒకసారి నేరుగా ఎక్స్‌పోర్ట్ చేసి మళ్లీ జాబ్ వర్క్‌కి వచ్చేశాను. కుట్టులో తప్పు రాలేదు, టైమ్‌కే పంపాం. దెబ్బ తిన్నది డబ్బు తిరగడం దగ్గర. జాబ్ వర్క్‌లో బట్ట డబ్బు మనది కాదు కదా. ఇక్కడ నూలు, డైయింగ్, రిబ్, ట్రిమ్స్ (లేబుల్, దారం లాంటివి) అన్నిటికీ ముందే కట్టాలి. సరుకు ఓడ ఎక్కాక కూడా డబ్బు రావడానికి నెలలు పట్టింది. ఆ మధ్యలో టైలర్ల జీతాలకి మా ఆవిడ నగలు పెట్టాను. బట్ట కొన్న రోజు నుంచి డబ్బు చేతికొచ్చే రోజు దాకా ఎన్ని రోజులో కాగితం మీద వేసుకుని, అన్ని రోజుల జీతాలు పక్కన ఉంటేనే దిగండి.

ఫైనల్ ఇన్‌స్పెక్షన్:

నేను బయ్యర్ల తరఫున చెకింగ్‌కి వెళ్లే థర్డ్ పార్టీ ఇన్‌స్పెక్టర్‌ని. మేడమ్, మీరు హుడ్ అన్నారు. అందులో తాడు ఉందా?

ఉంటే ఆర్డర్ ఒప్పుకునే ముందే ఆపండి. యూరప్‌లో ఈఎన్ 14682 అనే స్టాండర్డ్ ఉంది. ఏడేళ్ల లోపు పిల్లల బట్టల్లో హుడ్ దగ్గర, మెడ దగ్గర బిగించే తాళ్లు ఉండకూడదు. జారుడు బల్ల మీదో, బస్సు తలుపులోనో తాడు ఇరుక్కుని పిల్లలు చనిపోయిన సందర్భాలున్నాయి, అందుకే ఆ నిబంధన. బయ్యర్ డిజైనర్ తెలియక బొమ్మలో గీసినా సరే, మీరు చెప్పాలి. ఆ ఒక్క మాటతో వాళ్లకి మీ మీద గురి కుదురుతుంది.

చెకింగ్ ఎలా జరుగుతుందో ముందే తెలుసుకోండి. లాట్‌లోంచి ఎన్ని పీసులు తీసి చూడాలో చెప్పే ఐఎస్ఓ 2859-1 పట్టిక చాలామంది వాడతారు, మామూలుగా లెవెల్ 2. 3,000 పీసుల లాట్ అయితే నేను తీసేది 125 పీసులు. కార్టన్లు నేను ఎంచుకుంటాను, మీరు చూపించినవి కాదు. పెద్ద లోపాలకి ఏక్యూఎల్ (ఒప్పుకునే లోపాల హద్దు) 2.5 పెడితే 7 దాకా పాస్, 8 వస్తే ఫెయిల్. చిన్న లోపాలకి 4.0 పెడితే 10 దాకా పాస్, 11కి ఫెయిల్. ఫెయిల్ అయితే 3,000 పీసులూ పాలిథిన్ సంచులు విప్పి, మళ్లీ చూసి, మళ్లీ ప్యాక్ చేయాలి. మీ ముప్పై మందీ మిగతా పని ఆపి అదే చేయాలి. అందుకే చివర చెకింగ్ మీద ఆధారపడకండి. లైన్ మొదలైన రోజు మొదటి ఇరవై పీసులు పూర్తిగా కొలిచి, ఆ తర్వాతే లైన్ వదలండి.

రిబ్ అదే రంగు అన్నారు కాబట్టి ఇంకోటి తప్పకుండా చెప్పాలి. ఒకసారి ఒక చిన్న యూనిట్‌కి వెళ్లాను. నేవీ బ్లూ టీషర్ట్‌లు, కుట్టు చూస్తే ముచ్చటేసింది. కిటికీ వెలుతురులో బాడీ, రిబ్ ఒకటే రంగు, తేడా పట్టలేం. ఒక పీసు లైట్ బాక్స్‌లో, అంటే రకరకాల వెలుతురులో రంగు చూసే పెట్టెలో, పెట్టి డీ 65 వేశాను. అది పగటి వెలుతురు లాంటిది. సరిగ్గానే ఉంది. టీఎల్ 84 వేశాను. అది యూరప్ షాపుల్లో వాడుతూ వచ్చిన ట్యూబ్ లైట్ లాంటిది. రిబ్ ఒక్కసారిగా ఎర్రజీర తిరిగింది. ఓనర్ ఆ పీసుని కిటికీ దగ్గరికి తీసుకెళ్లాడు, మళ్లీ బాక్స్‌లో పెట్టాడు, మళ్లీ కిటికీ దగ్గరికి వెళ్లాడు. మాట రాలేదు. బాడీ ఒక చోట, రిబ్ ఒక చోట వేరే వేరే రంగుల మిశ్రమంతో వేయించారు. ఆయన కళ్లు మోసం చేయలేదు, వెలుతురు మారింది. ఆ రోజు ఆ రిపోర్ట్ రాయడం నాకూ కష్టంగానే అనిపించింది. మీరు రిబ్, బాడీ ఒకే తొట్టిలో, ఒకే లాట్‌గా వేయించండి. ఆర్డర్‌లో ఏ లైట్‌లో చూసి ఒప్పుకుంటారో బయ్యర్‌ని అడిగి రాయించుకోండి.

బట్ట రాగానే చేయాల్సినవి మీ దగ్గరే చేసుకోవచ్చు. గుండ్రటి జీఎస్ఎం కట్టర్ కోసే ముక్క 100 చదరపు సెంటీమీటర్లు. అది 1.8 గ్రాములు తూగితే 180 జీఎస్ఎం. ప్రతి రోల్ తూచండి. 50 సెంటీమీటర్ల చదరం గీసి, బయ్యర్ చెప్పిన పద్ధతిలో ఉతికి ఆరబెట్టి కొలవండి. 47 వచ్చిందంటే 6 శాతం కుదించింది, చాలామంది బయ్యర్లు 5 దాటితే ఒప్పుకోరు. సింగిల్ జెర్సీ మెలి తిరుగుతుంది, ఉతికాక పక్క కుట్టు ముందుకి వస్తుందేమో చూడండి. రోల్ విప్పి ఒక రోజు వదులుగా పరిచి ఉంచాకే కట్ చేయండి.

సూది విరిగితే ముక్కలన్నీ దొరికేదాకా ఆ మిషన్ ఆపాలి. దొరికిన ముక్కలు రిజిస్టర్‌లో అంటించి తేదీ, మిషన్ నంబర్ రాయాలి. పిల్లల బట్ట కాబట్టి ఇందులో రాజీ లేదు.

ఓకో-టెక్స్ (బట్టలో హాని చేసే రసాయనాలు లేవని పరీక్షించి ఇచ్చే) సర్టిఫికెట్ అడిగితే కంగారు పడకండి. ముందు సర్టిఫికెట్ ఉన్న బట్ట, దారం కొనండి. అయితే ఆ గుర్తు మీ లేబుల్ మీద వేయాలంటే మీ పేరున సర్టిఫికెట్ ఉండాలి, సప్లయర్‌ది చూపించి వేయకూడదు. లేబుల్ మీద నూలు పేరు, అంటే కాటన్ అని రాసే మాట కూడా, యూరప్‌లో అమ్మే దేశం భాషలో ఉండాలి. ఆ ఫైల్ బయ్యర్ నుంచే రాతపూర్వకంగా తెప్పించుకోండి.

షిప్పింగ్ పేపర్లు:

చెల్లీ, ఎక్స్‌పోర్ట్ డాక్యుమెంట్లు చూడటమే నా ఉద్యోగం. నాదీ ఒక ప్రశ్న. మీరు పంపిన రేటు ఎఫ్ఓబీనా, సీఐఎఫ్‌నా? ఎఫ్ఓబీ అంటే సరుకు ఓడ మీద పెట్టేదాకా మీ ఖర్చు. సీఐఎఫ్ అంటే వాళ్ల రేవు దాకా ఓడ కిరాయి, ఇన్సూరెన్స్ కూడా మీదే. మీరు సీఐఎఫ్ ఇచ్చి, అవతలివాళ్లు ఎఫ్ఓబీ ఇచ్చి ఉంటే ఆ 12 శాతంలో కొంత తేడా కాగితం మీదే ఉంటుంది.

ఇక ఎల్‌సీ. అది వచ్చేసింది కాబట్టి డబ్బు వచ్చేసినట్టే అని నమ్మకండి. బ్యాంకు చూసేది సరుకు కాదు, కాగితాలు. ఎల్‌సీలకి ప్రపంచమంతా పాటించే యూసీపీ 600 రూల్స్‌లో ఆ మాట సూటిగానే ఉంది. మీ పీసులు అద్భుతంగా ఉన్నా ఇన్‌వాయిస్‌లో ఒక లైన్ ఎల్‌సీకి తేడాగా ఉంటే డిస్క్రిపెన్సీ, అంటే కాగితం కలవలేదని అభ్యంతరం, వేస్తారు. అప్పుడు బయ్యర్ ఒప్పుకుంటేనే డబ్బు.

బట్టల వాళ్లందరూ దెబ్బతినే చోటు ఒకటుంది. క్వాంటిటీలో 5 శాతం అటూ ఇటూ ఉన్నా పర్వాలేదని చాలామంది అనుకుంటారు. ఆ వెసులుబాటు బరువు లెక్కన, మీటర్ల లెక్కన అమ్మే సరుకుకి. ఎల్‌సీలో పీసుల సంఖ్య రాసి ఉంటే అది వర్తించదు. 3,000 అని రాసి, విడతలుగా పంపడం కుదరదని కూడా ఉంటే, మీరు చెకింగ్‌లో పాడైనవి తీసేసి 2,940 పంపితే అది తేడాయే. కట్ చేసినవన్నీ పాస్ కావని మీకూ తెలుసు. అందుకే క్వాంటిటీలోనూ, మొత్తం డబ్బులోనూ 5 శాతం ఎక్కువ తక్కువ అంగీకారం అని ఎల్‌సీలోనే రాయించుకోండి. ఎల్‌సీ తెరవక ముందే డ్రాఫ్ట్ పంపమని అడగండి. తెరిచాక మార్చాలంటే ప్రతి మార్పుకీ ఛార్జీ, రోజులు.

డ్రాఫ్ట్‌లో "బయ్యర్ ప్రతినిధి సంతకం చేసిన ఇన్‌స్పెక్షన్ సర్టిఫికెట్" అడిగితే ఒప్పుకోవద్దు. ఆ సంతకం పెట్టకపోతే మీ డబ్బు ఆగిపోతుంది. పైన రాసిన సార్ లాంటి థర్డ్ పార్టీ వాళ్ల సర్టిఫికెట్ అయితే సరే. కాగితాలు పెట్టడానికి గడువు వేరేగా రాయకపోతే షిప్‌మెంట్ తర్వాత 21 రోజులు. అది కూడా ఎల్‌సీ గడువు లోపలే.

రెండో షిఫ్ట్ అన్న చెప్పిన ఇబ్బంది నిజం. ఎంతోమంది కళ్లలో చూశాను. ఎల్‌సీ చేతికి రాగానే మీ బ్యాంకుకి వెళ్లి షిప్‌మెంట్‌కి ముందు ఇచ్చే అప్పు గురించి అడగండి. అలాగే ఎల్‌సీ ఎట్ సైట్‌నా (కాగితాలు చూడగానే డబ్బు), 60 రోజులకా, 90 రోజులకా చూడండి. అన్న నగలు ఆ తేడాలోనే పోయి ఉంటాయి.

శాంపిళ్ల సంగతి: రెండు దాకా ఉచితం, ఆ పైన ఛార్జీ, ఆర్డర్ ఖాయమైతే బిల్లులో తగ్గిస్తాం అని మెయిల్‌లోనే రాయండి. నిజంగా కొనేవాళ్లు దీనికి నొచ్చుకోరు. ప్రతిసారీ ఒకేలాంటివి రెండు కుట్టి, ఒకటి సంతకం, తేదీతో మీ దగ్గర సీల్ చేసి ఉంచుకోండి. రేపు గొడవ వస్తే మీ సాక్షి అదే.

నూలుపోగు:

అందరికీ చేతులెత్తి మొక్కుతున్నాను. నాలుగు రోజులు ఆగి రాస్తున్నాను, మీరు చెప్పినవి చేసి చూసి చెబుదామని.

అన్నగారూ, శాంపిల్ పీసు మీద స్టాప్‌వాచ్ పెట్టాను. హుడ్ టీషర్ట్ 13 నిమిషాలు తేలింది. పోయిన నెల ఇలాంటి స్టైలే రోజుకి 420 కుట్టాం. అంటే 5,460 నిమిషాలు, 38 శాతం. ఆ అంకె చూసి చాలాసేపు కదల్లేదు. మా వాళ్లు బద్ధకస్తులు కాదు, నాకు తెలుసు. హుడ్ అంచు మడిచే మిషన్ ఒక్కటే ఉంది, అందరూ దాని కోసం ఆగుతున్నారు. అంచు దానంతటదే మడిచే ఫోల్డర్ అటాచ్‌మెంట్ బిగించి ఇంకో మిషన్‌ని దానికే కేటాయించాను.

ఇప్పుడున్న వేగంతోనే 3,000 పీసులకి కుట్టు దాదాపు ఏడు రోజులు. లైన్ కుదురుకోవడానికి మూడు రోజులు వేసుకున్నా పది. ఇన్నాళ్లూ ఎవరైనా అడిగితే "నెల రోజులు" అనేదాన్ని, భయంతో.

అక్కా, మీరన్నట్టే నేను వాళ్ల రేవు దాకా కిరాయి కలిపే రేటు పంపాను. అవతలివాళ్లది ఎఫ్ఓబీ, క్వాంటిటీ కూడా 5,000కి. అడిగితే బయ్యర్ దాచకుండా చెప్పారు. ఎఫ్ఓబీ రేటు విడిగా పంపాను. మార్కర్‌లో మిగిలేదాన్ని బట్టి 2 శాతం తగ్గించాను, అంతకు మించి తగ్గించలేనని లెక్కతో సహా రాశాను. 1,800, తర్వాత 1,200 పద్ధతి కూడా రాశాను.

సార్, బొమ్మలో తాడు ఉంది. హుడ్ చుట్టూ తెల్ల తాడు, చివర ముడులు. మీరు అడక్కపోతే నేను అలాగే కుట్టి పంపేదాన్ని. మా ఇంట్లోనూ ఐదేళ్ల పిల్ల ఉంది. అది చదివిన రాత్రి దాని హుడ్ తాళ్లన్నీ లాగేశాను. బయ్యర్‌కి రాస్తే గంటలో జవాబు వచ్చింది, డిజైన్ మారుస్తామని. ఆ ఇంకో ఫ్యాక్టరీ దీని గురించి ఏమీ చెప్పలేదట.

ఇప్పుడు కొత్త మెయిల్. ఫ్యాక్టరీ ఆడిట్ చేస్తామంటున్నారు. వేతనాల రిజిస్టర్, పనివేళలు, అగ్నిమాపక సామగ్రి, బయటికి వెళ్లే దారులు చూస్తారట. ఎంబ్రాయిడరీ బయట చేయిస్తున్నారా అని కూడా అడిగారు. చిన్న లోగో ఒకటి బయట యూనిట్‌లోనే చేయించాలి. చెప్పాలా? మా దగ్గర అన్నీ పక్కాగా లేవు. టెన్షన్‌గా ఉంది.

కటింగ్ టేబుల్:

ఎంబ్రాయిడరీ యూనిట్ పేరు, అడ్రస్‌తో సహా ఇప్పుడే చెప్పేయండి. బయట చేయించడం తప్పు కాదు, చెప్పకుండా చేయించడం తప్పు. అక్కడ ఆర్డర్లు రద్దయినవాళ్లు ఉన్నారు.

ఆడిట్‌కి రెండు రిజిస్టర్లు (నిజంది ఒకటి, చూపించడానికి ఒకటి) రాసే పని మాత్రం పెట్టుకోకండి. లేనిది లేదని చెప్పి, ఏ తేదీకి చేస్తారో రాసి ఇవ్వండి. చిన్న యూనిట్ నిజం చెబితే మంచి బయ్యర్లు గడువు ఇస్తారు, నాకు ఇచ్చారు.

తలుపుల సంగతికి మాత్రం గడువు అడగొద్దు. 2013 ఏప్రిల్ 24న బంగ్లాదేశ్‌లో రానా ప్లాజా కూలి 1,100 మందికి పైగా పోయారు. గోడల్లో పగుళ్లు ముందు రోజే కనిపించాయి. అయినా తెల్లారి పనిలోకి రప్పించారు. ఆ వార్త విన్న రోజు మా యూనిట్‌లో మిషన్లన్నీ ఆపేశాం, ఎవరికీ చేతులు ఆడలేదు. ఆ తర్వాతే బయ్యర్లు భవనం గురించి, దారుల గురించి ఇంత గట్టిగా అడగడం మొదలైంది. దాన్ని బయ్యర్ కోసం చేసే పనిగా చూడకండి. మీ దగ్గర రెండో దారి ఉందా? లోపలి నుంచి తాళం చెవి లేకుండా తెరుచుకుంటుందా?

నూలుపోగు:

ఉంది అన్నగారూ. వెనక తలుపు. దాని ముందు ఖాళీ కార్టన్లు నడుమెత్తు పేర్చి ఉన్నాయి. ఎన్నాళ్ల నుంచి ఉన్నాయో నాకే గుర్తు లేదు. ఈ సాయంత్రం పని ఆపి అందరం కలిసి తీసేశాం. గడియ తుప్పు పట్టి కదల్లేదు. మిషన్ ఆయిల్ వేసి, సుత్తితో కొట్టి తీశాం. రేపు ఆ గడియ తీయించి, లోపలి నుంచి తోస్తే తెరుచుకునేది పెట్టిస్తున్నాను. చెకింగ్ వాళ్లతో కలిపి 34 మందిమి. ఆ తలుపులోంచి అందరినీ ఒకసారి బయటికి నడిపించాను. 50 సెకన్లు పట్టింది. కటింగ్ టేబుల్ పక్క సందు ఇరుకు, దాన్ని అడుగున్నర జరిపితే ఇంకా తగ్గుతుంది.

ఎంబ్రాయిడరీ యూనిట్ వివరాలు పంపేశాను. రిబ్, బాడీ ఒకే లాట్‌లో వేస్తామని డైయింగ్ వాళ్లు ఒప్పుకున్నారు. శాంపిల్ బిట్లు శుక్రవారం వస్తాయి. ఇన్‌స్పెక్షన్ సార్, మా దగ్గర లైట్ బాక్స్ లేదు. ఆ బిట్లు టీఎల్ 84 కింద ఎక్కడ చూపించుకోవచ్చో చెబితే, వచ్చిన రోజే తీసుకెళ్తాను.